మిద్దె తోటలో పూత ఉన్నా పిందె నిలవడం లేదు: మొక్కలకూ జీవులకూ ఉన్న లంకె గురించి

మిద్దెతోట, సత్యనారాయణపురం

అందరికీ నమస్కారం. విజయవాడలో మా ఇంటి మిద్దె మీద బీర, సొర, గుమ్మడి, వంగ పెంచుతున్నాను. నీటికీ ఎరువుకూ లోటు లేదు. తీగలు పందిరంతా అల్లుకున్నాయి, పూత కూడా నిండుగా వస్తోంది. అయితే బీర, సొర పాదులకు పిందెతో పుట్టిన పువ్వులు రెండు మూడు రోజుల్లోనే పసుపు రంగుకు తిరిగి రాలిపోతున్నాయి. గుమ్మడికి నిలిచిన ఒకటి రెండు కాయలు కూడా ఒక పక్క ఉబ్బి, మరో పక్క నొక్కుకుపోయి వంకరగా పెరుగుతున్నాయి. నర్సరీలో అడిగితే పూత నిలవడానికి ఒక మందు ఇచ్చారు, దానివల్ల మార్పేమీ కనిపించలేదు. మా పుట్టింటి ఊళ్లో పెంటకుప్ప పక్కన గింజ వేసి వదిలేసినా గుమ్మడి విరగకాసేది. తేడా ఎక్కడ ఉందో తెలిసినవారు వివరించవలసిందిగా కోరుతున్నాను.

జీవశాస్త్రం మాస్టారు, గుంటూరు

అమ్మా, మీరు చెప్పిన లక్షణాలను బట్టి లోపం ఎరువులో కాదు, పుప్పొడి మోసే పురుగులు రాకపోవడంలో ఉంది. ఈ జాతి తీగల్లో మగపువ్వులు, ఆడపువ్వులు వేరువేరుగా పూస్తాయి. రేకుల కింద చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు. వీటి పుప్పొడి జిగటగా, బరువుగా ఉంటుంది కనుక గాలికి ఎగిరిపోదు, ఎవరో ఒకరు మోసుకువెళ్లి అందించాలి. చాలినంత పుప్పొడి అందని పిందె పండుబారి రాలిపోతుంది. కొంత అందితే గింజలు కట్టిన వైపు మాత్రమే కండ పడుతుంది, మీ గుమ్మడికాయలు వంకరపోవడానికి కారణం అదే. మండుటెండల్లో మగపువ్వులు ఎక్కువై పుప్పొడి సత్తువ కూడా తగ్గుతుంది కనుక ఏప్రిల్, మే నెలల పూతను లెక్కలోకి తీసుకోకండి.

ఇక్కడ ముఖ్యంగా గమనించవలసింది వేళ. గుమ్మడి పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, దానికి తేనెటీగలు కావాలి. బీర పువ్వు పొద్దు వాలే వేళకు విచ్చుకుంటుంది. సొర పువ్వు దీపాలు పెట్టే సమయానికి తెల్లగా తెరుచుకుని మరునాటి ఉదయానికి వాడిపోతుంది. ఆ వేళకు తేనెటీగలు గూటికి చేరి ఉంటాయి కనుక సొరకు రాత్రిపూట తిరిగే పెద్ద రెక్కల పురుగులే దిక్కు. మన నగరాల్లో దోమల మందు పొగ వేసేది కూడా చాలావరకు ఆ సాయంత్రపు వేళకే. ఆ మందు దోమను ఎంచి చంపదు, పొగలో చిక్కిన ప్రతి పురుగునూ చంపుతుంది.

ప్రస్తుతానికి గుమ్మడికి ఉదయం తొమ్మిది లోపు, బీర, సొరలకు చీకటి పడే ముందు మగపువ్వు కోసి, రేకులు తీసివేసి, దాని పుప్పొడిని ఆడపువ్వు నడుమ ఉన్న భాగానికి అన్ని వైపులా అద్దండి. కాయ నిలుస్తుంది. అయితే ఇది తాత్కాలికమైన ఉపాయమే.

వృక్షశాస్త్ర విద్యార్థిని, నాగార్జున విశ్వవిద్యాలయం

మాస్టారు చెప్పిన రాత్రి పురుగులు ఎక్కడి నుంచి వస్తాయన్నది కూడా చూడాలి. నందివర్ధనం, గన్నేరు, బిళ్లగన్నేరు ఆకులను తినే ఒక లావుపాటి పచ్చ గొంగళిపురుగును మీరు చూసే ఉంటారు. తల వెనుక రెండు వైపులా తెల్లని నడిభాగంతో నీలి రంగు కళ్ల వంటి మచ్చలు, తోక దగ్గర చిన్న కొమ్ము ఉంటాయి. ముట్టుకుంటే తల లోపలికి ముడుచుకుని ఆ మచ్చలను ఉబ్బించి చూపిస్తుంది. భయపడి చాలామంది దాన్ని నలిపివేస్తారు. అది పెరిగి ఆకుపచ్చ, గులాబీ రంగుల చారలతో వేగంగా ఎగిరే రెక్కల పురుగు అవుతుంది, మసక చీకట్లో పువ్వు ముందు గాలిలో నిలబడి పొడవైన నాలుకతో తేనె తాగుతుంది. సొర పువ్వుకు పుప్పొడి చేర్చే పురుగుల వంశం అదే. అంటే సొర కాయ కావాలంటే ఆ పరిసరాల్లో నందివర్ధనం వంటి మొక్కలు ఉండాలి, వాటి ఆకులు కొన్ని పురుగు నోట పడడానికి కూడా మనం ఒప్పుకోవాలి.

మీరు వంగ కూడా పెంచుతున్నారు కనుక మరొక మాట. వంగ పువ్వులో పుప్పొడి సంచులు నిలువునా పగలవు, కొన దగ్గర చిన్న రంధ్రాలు మాత్రమే తెరుచుకుంటాయి. నల్లటి తుమ్మెద ఆ పువ్వును కరచుకుని రెక్కలు కదపకుండా ఒంటి కండరాలను జుమ్మని అదిలిస్తే పుప్పొడి జల్లుగా రాలుతుంది. మామూలు తేనెటీగకు ఈ పని చేతకాదు. ఆ తుమ్మెద ఎండుకొయ్యల్లో, వెదురు గెడల్లో తొలుచుకుని పిల్లలను పెంచుతుంది. ఇనుప పందిళ్లు వేసుకున్నవారు ఒక మూల పాత వెదురు బొంగులు కట్టి ఉంచితే వాటికి చోటు దొరుకుతుంది.

మిరప రైతు, ప్రత్తిపాడు

పెద్దలందరికీ నమస్కారం. మీ మాటల్లో తప్పు పట్టడం లేదు గాని, పట్నంలో నాలుగు పాదులకు చెప్పేది మా చేలకు ఎంతవరకు వర్తిస్తుందో ఆలోచించండి. 2021లో మా గుంటూరు ప్రాంతపు మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. అది ఆకు అడుగున దాక్కునే పాత తామర పురుగు కాదు, నేరుగా పువ్వుల్లోకి దిగింది. పువ్వు దులిపి అరచేతిలో కొడితే నల్లగా, నువ్వు గింజ కంటే సన్నగా ఉన్న పురుగులు గుంపుగా పరుగెత్తేవి. పూత మొత్తం రాలిపోయి తోటలు దున్నేసినవారు ఉన్నారు. కౌలు కట్టి, అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టినవాడు ఏ పురుగు ఎవరికి మిత్రుడో చూస్తూ కూర్చోలేడు. కొట్టిన మందు మళ్లీ మళ్లీ కొట్టాము. మొక్కా పురుగూ ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయన్నది నిజమే, కానీ మా చేనులో ఆ పురుగు ఆధారపడింది మా కష్టం మీదే.

జీవశాస్త్రం మాస్టారు, గుంటూరు

మీ ఆవేదన న్యాయమైనది. ఆధారపడడం అంటే అందరూ కలసిమెలసి హాయిగా ఉండడం అని నేను ఎన్నడూ అనలేదు. ఒకటి మరొకదాన్ని తినడం కూడా ఆ లంకెలో భాగమే, ఆ తినేవి ఎన్ని ఉన్నాయన్నదే మీ చేనులో పురుగు ఎంత ఉండాలో తేలుస్తుంది. దీనికి దూరం వెళ్లనక్కరలేదు, మన గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చరిత్ర చాలు.

1980ల తొలి సంవత్సరాల్లో సింథటిక్ పైరిత్రాయిడ్లనే కొత్త రకం పురుగుమందులు వచ్చాయి. కొట్టిన వెంటనే పురుగు కింద పడేది కనుక రైతులకు నమ్మకం కుదిరింది. ఆ మందులు కాయతొలుచు పురుగుతో పాటు అక్షింతల పురుగులను, సాలీళ్లను, తెల్లదోమ పిల్లలలో గుడ్లు పెట్టే అతి చిన్న కందిరీగలను కూడా చంపివేశాయి. అంతకుముందు పత్తిలో పెద్దగా లెక్కలోకి రాని తెల్లదోమ, తనను తినేవారు లేకపోయేసరికి విజృంభించింది. దానికి మరిన్ని మందులు కొట్టారు. ఈలోగా కాయలు తొలిచే శనగపచ్చ పురుగు ఆ మందులకు అలవాటు పడిపోయి, 1987-88 పంటను తుడిచిపెట్టింది. అప్పులపాలైన పత్తి రైతులు పురుగుమందే తాగి ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలు మొదటిసారిగా పెద్ద ఎత్తున వచ్చింది ఆ ఏడాదిలోనే. పురుగు పగబట్టిందని అప్పట్లో అనుకున్నారు. జరిగింది అది కాదు, పురుగును అదుపులో పెట్టే సైన్యాన్ని మన చేతులతో మనమే తొలగించుకున్నాము.

నల్ల తామర పురుగుది ఇంకొక సంగతి. అది మన దేశానికి కొత్తగా వచ్చిన పురుగు. మన దేశంలో మొదట కనిపించింది 2015లో, బొప్పాయి మీద. బయటినుంచి వచ్చినదానికి తన పుట్టినచోట ఉన్న శత్రువులు వెంట రావు. ఇక్కడ ఉన్న శత్రువులే దాన్ని పట్టుకోవడం నేర్వాలి. పువ్వుల్లో తామర పురుగులను పీల్చి తినే చిన్న నల్లి జాతి పురుగులు మన చేలల్లో ఉన్నాయి. వారం వారం మందు పడే తోటలో ముందుగా పోయేవి అవే, ఎందుకంటే అవి తామర పురుగుల కంటే తక్కువ సంఖ్యలో ఉంటాయి, నెమ్మదిగా పెరుగుతాయి. అందుకే చేను చుట్టూ రెండు మూడు వరుసలు జొన్న గాని మొక్కజొన్న గాని దగ్గరగా వేయమని, నీలి రంగు జిగురు అట్టలు పెట్టమని, ఒకే రకం మందు వెంటవెంటనే కొట్టవద్దని శాస్త్రవేత్తలు చెబుతారు. జొన్న వరుస పురుగుకు అడ్డుగోడ మాత్రమే కాదు, జొన్న మీద పేనును తినడానికి అక్షింతల పురుగులు చేరి, అక్కడి నుంచి మిరపలోకి వస్తాయి.

మిరప రైతు, ప్రత్తిపాడు

మాస్టారూ, 1987-88 నాటికి నేను చిన్నవాడిని. మా నాయనగారు ట్యాంకు వీపున వేసుకుని పొద్దున, సాయంత్రం కూడా మందు కొట్టడం, పత్తి ఆకుల మీద తెల్లదోమ కారించిన జిగట పడి, దానిపై నల్లటి మసి పట్టి దూది కూడా నల్లబడడం నాకు బాగా గుర్తు. అప్పట్లో చేనులో పిచ్చుక వాలేది కాదు. జొన్న వరుసలు ఈ ఏడాది నేను వేశాను. జొన్న కంకి పాలుపోసుకునే సమయానికి పిట్టలు వస్తున్నాయి, వచ్చినవి మిరప సాళ్లలో పురుగులు కూడా ఏరుకుంటున్నాయి. మందు పూర్తిగా మానగలనని మాత్రం చెప్పలేను. పూత దశలో పువ్వులు దులిపి చూసి, పురుగు ఉంటేనే కొట్టే పద్ధతికి వచ్చాను.

డెల్టా మాగాణి, తెనాలి వైపు

తెల్లదోమ పేరు వచ్చింది కనుక మా వైపు సంగతి చెబుతాను. మా మాగాణుల్లో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు నిలిచి ఉన్న చేనులోనే మినుము విత్తనాలు చల్లుతాము. నేలలో మిగిలిన పదును, రాత్రి మంచు తప్ప ఆ పైరుకు వేరే నీరు ఉండదు. అయినా డెబ్బై, ఎనభై రోజుల్లో పంట చేతికి వస్తుంది. పూత దశలో ఒక మొక్కను మట్టితో సహా జాగ్రత్తగా పెకలించి వేళ్లు కడిగి చూడండి. ఆవగింజంత, మిరియంత బుడిపెలు ఉంటాయి. గోటితో గిల్లితే లోపల మాంసం రంగులో ఎర్రగా ఉంటే ఆ బుడిపె పని చేస్తున్నట్లు, ఆకుపచ్చగా గాని గోధుమ రంగుగా గాని ఉంటే దాని పని అయిపోయినట్లు అని వ్యవసాయాధికారి ఒకరు చూపించారు. మొక్క ఆకుల్లో తయారైన చక్కెరను ఆ బుడిపెల్లోని బాక్టీరియాకు ఇస్తుంది, అవి గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మార్చి ఇస్తాయి.

ఇంత చక్కని పైరుకు మాకున్న పెద్ద భయం పల్లాకు తెగులు. అది వైరస్, దాన్ని ఒక మొక్క నుంచి ఇంకొక మొక్కకు మోసేది తెల్లదోమ. పువ్వు నుంచి పువ్వుకు పుప్పొడి మోసే పురుగు ఉన్నట్లే, ఆకు నుంచి ఆకుకు రోగం మోసే పురుగూ ఉంది. అందువల్ల పత్తి, మిరప చేలల్లో తెల్లదోమను తినే పురుగులు మిగలడం మాకూ అవసరమే. పొలం గట్లకు పరిమితమయ్యే వ్యవహారం కాదిది.

పక్షుల పరిశీలన, గుంటూరు

మాగాణి గారూ, వరి కోతల సమయంలో మీ వైపు ఎలుకల బాధ ఎలా ఉంది? గుడ్లగూబలు కనిపిస్తున్నాయా?

డెల్టా మాగాణి, తెనాలి వైపు

ఎలుకలు, పందికొక్కులు గట్లన్నీ తొలిచేస్తున్నాయి. పూర్వం ఎలుకల బుట్టలు పెట్టే యానాదులు వచ్చేవారు, ఇప్పుడు ఆ పని చేసేవారు తగ్గిపోయారు. జెర్రిపోతు కనిపిస్తే కర్ర తీసుకుని పరుగెత్తేవారే ఎక్కువ. గుడ్లగూబ ఇంటి మీద వాలితే కీడని తరిమేస్తారు. గట్ల మీద తాటిచెట్లు కొట్టివేయడంతో అవి కూర్చునే చోటు కూడా పోయింది.

పక్షుల పరిశీలన, గుంటూరు

ఆ తాటిచెట్ల గురించే చెప్పాలనుకున్నాను. ఒక్క తాటిచెట్టుపై ఎన్ని జీవాలు బతుకుతాయో నిలబడి చూస్తేనే తెలుస్తుంది. మట్ట చివర్లకు గిజిగాడు గూళ్లు వేలాడుతాయి. వరి ఆకు, తాటాకు అంచును ముక్కుతో పట్టి ఎగురుతూ సన్నని పీచుగా చీల్చి అల్లుతుంది. పెద్దదయ్యాక గింజలు తిని వరికి కొంత నష్టం చేస్తుంది, నిజమే. గూటిలో పిల్లలకు మాత్రం పురుగులనే ఎక్కువగా తెచ్చి పెడుతుంది. మడతపడిన ఎండుటాకు లోపలి వైపు, సన్నని కొడవలి వంటి రెక్కలున్న చిన్న పిట్ట ఈకలను తన ఉమ్మితో అంటించి అరచేతిలో పట్టేంత గూడు కడుతుంది, రోజంతా గాలిలో ఎగిరే పురుగులే దాని ఆహారం. మొదలు కొట్టేస్తే ఇవన్నీ ఒకేసారి పోతాయి. పొలంలో ‘టి’ ఆకారపు కర్రలు పాతితే గుడ్లగూబలు, పాలపిట్టలు, నల్ల ఏట్రింతలు వాలుతాయి. తాటిచెట్టు లేని లోటు దానితో పూర్తిగా తీరదు గాని కొంతవరకు పనికి వస్తుంది.

పెదకాకాని మండలం ఉప్పలపాడు చెరువు కూడా ఈ చర్చలో చెప్పుకోదగినది. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడ గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. అవి వాలేది ఎక్కువగా సర్కారు తుమ్మ మీద. ఆ తుమ్మ పరాయి దేశపు మొక్క, బీళ్లను ఆక్రమించి మన మొక్కలను రానివ్వదు, దాన్ని నేను సమర్థించడం లేదు. అయినా చుట్టూ నీరు ఉండి, ముళ్లతో పిల్లుల, మనుషుల చేతికి అందని చెట్టు ఏదైనా ఆ పక్షులకు కావాలి. ఊరివారు వాటిని తరమకుండా కాపాడుకోవడం వల్లనే అవి ఊరి నడుమ నిలిచాయి. పక్షుల రెట్ట పడిన నీటిలో నాచు, సూక్ష్మజీవులు పెరిగి చేపలకు మేత అవుతుంది. తమిళనాడులోని వేడంతాంగల్ రైతులు ఇలాంటి చెరువు నీరు పైరుకు బలమని గ్రహించి, పక్షులను తుపాకులతో కాల్చడం ఆపించాలని కలెక్టరుకు మొరపెట్టుకుని 1798లోనే రక్షణ సంపాదించారు.

మిద్దెతోట, సత్యనారాయణపురం

మాస్టారు గారు, మా వీధి చివర మేడిచెట్టు ఒకటి ఉంది. కాయల నిండా పురుగులని, చెత్త రాలుతోందని దాన్ని కొట్టించాలని కొందరు అంటున్నారు. ఆ పురుగులు మొక్కలకు హాని చేసేవేనా?

వృక్షశాస్త్ర విద్యార్థిని, నాగార్జున విశ్వవిద్యాలయం

దయచేసి కొట్టనివ్వకండి. నాకు అన్నింటికంటే ఇష్టమైన విషయం ఇది కనుక మాస్టారి కంటే ముందు నేను రాస్తున్నాను. మేడికాయ నిజానికి కాయ కాదు, లోపలికి తిరిగిన పూలగుత్తి. వందలాది చిన్న పువ్వులు లోపలి గోడకు అంటి ఉంటాయి, బయటికి ఒకే ఒక్క సన్నని ద్వారం. ఆ ద్వారం గుండా దూరగలిగేది మేడికి చెందిన అతి చిన్న కందిరీగ మాత్రమే. రావికి, మర్రికి మళ్లీ వేరువేరు కందిరీగలు ఉన్నాయి. తల్లి కందిరీగ ఆ ఇరుకులో దూరేటప్పుడు రెక్కలు విరిగిపోతాయి. తాను పుట్టిన కాయ నుంచి తెచ్చిన పుప్పొడిని లోపలి పువ్వులకు అందించి, కొన్ని పువ్వుల్లో గుడ్లు పెట్టి అక్కడే చనిపోతుంది. కొన్ని వారాల తరువాత రెక్కలు లేని మగవి ముందుగా బయటపడి, ఆడవాటితో జతకట్టి, కాయ గోడకు సొరంగం తొలిచి తమ పని ముగించుకుంటాయి. ఆడవి అప్పటికి పక్వమైన మగపువ్వుల పుప్పొడిని తీసుకుని ఆ సొరంగం గుండా ఎగిరిపోయి మరొక మేడిచెట్టును వెతుక్కుంటాయి. మేడిపండు విప్పితే కనిపించే పురుగుల్లో ఇవే ముఖ్యమైనవి. ఇవి లేకపోతే మేడికి ఒక్క గింజ కూడా కట్టదు, మేడి లేకపోతే వీటికి మరో ఇల్లు లేదు.

పెద్దయిన కందిరీగ బతికేది ఒకటి రెండు రోజులే. ఆ కొద్ది సమయంలో సరైన దశలో ఉన్న కాయలు ఎక్కడో ఒకచోట దొరకాలి. అందుకే మేడి, రావి, మర్రి చెట్లు అన్నీ ఒకే రుతువులో కాయవు, ఒక్కో చెట్టు ఒక్కో సమయంలో కాస్తుంది. దీని వల్ల ఇతర చెట్లు ఎండిపోయి ఉన్న రోజుల్లో కూడా కోకిలలకు, గోరువంకలకు, పిగిలిపిట్టలకు, గబ్బిలాలకు ఏదో ఒక చెట్టు దగ్గర పండు దొరుకుతుంది. మీ వీధి చివరి చెట్టు తీసివేస్తే దూరం నుంచి వచ్చే కందిరీగలకు ఒక మజిలీ తగ్గిపోతుంది.

జీవశాస్త్రం మాస్టారు, గుంటూరు

చక్కగా చెప్పారమ్మా. చేర్చవలసింది ఏమీ లేదు.

డెల్టా మాగాణి, తెనాలి వైపు

ఇదే వరుసలో నాకొక సందేహం. విజయవాడ నుంచి బయలుదేరే కాలువలన్నింటిలో గుర్రపు డెక్క నిండిపోతోంది. తూముల దగ్గర అడ్డుపడి చివరి పొలాలకు నీరు అందడం లేదు. దాని కింద చేపలు కూడా బతకడం లేదు. తన సొంత దేశంలో కూడా అది ఇలాగే పెరుగుతుందా?

జీవశాస్త్రం మాస్టారు, గుంటూరు

అది దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతపు మొక్క. అక్కడ దాని ఆకులను గీకి తినే, కాడల్లో గుడ్లు పెట్టే ముక్కు పురుగులు ఉన్నాయి కనుక అది అదుపులో ఉంటుంది. మన దేశానికి అందమైన పువ్వు కోసం మొక్కను తెచ్చారు గాని పురుగును తేలేదు. అనుకూలమైన వేడిలో రెండు వారాల్లోనే రెట్టింపు అవుతుంది. నీటిపై చాపలా కమ్ముకుని వెలుతురు దిగనివ్వదు, కుళ్లినప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోయి చేపలు చనిపోతాయి. 1980ల తొలినాళ్లలో ఆ ముక్కు పురుగులను తెప్పించి, అవి పంట మొక్కలను తినవని పరీక్షించిన తరువాతే బెంగళూరు ప్రాంతపు చెరువుల్లో వదిలారు. కొన్నేళ్లకు అక్కడ మంచి ఫలితం వచ్చింది. మీ వరికి వాటి వల్ల భయం లేదు.

అయితే పారే కాలువల్లో ఆ పురుగులు స్థిరపడడం కష్టం, మొక్కలతో పాటే కొట్టుకుపోతాయి. అంతకంటే పెద్ద కారణం మురుగు. ఊళ్ల మురుగునీటిలోని నత్రజని, భాస్వరమే దానికి ఎరువు. ఎరువు అందుతున్నంతకాలం పురుగు తిన్నదానికంటే ఎక్కువ పెరుగుతూనే ఉంటుంది.

మిరప రైతు, ప్రత్తిపాడు

తీసిన డెక్కను ఏం చేయాలి? గట్టు మీద వేస్తే వాన నీటికి మళ్లీ కాలువలోకే పోతోంది.

డెల్టా మాగాణి, తెనాలి వైపు

మేము గట్టుకు దూరంగా గుంట తీసి, పేడ, మట్టి పొరలు పొరలుగా వేసి కుళ్లబెడుతున్నాము, మినుము తరువాత చేలకు తోలుతున్నాము. పూత రాకముందే తీయాలి. పూత వచ్చాక తీస్తే రాలిన గింజలు బురదలో ఏళ్ల తరబడి మొలక శక్తితో ఉంటాయి. వేసవిలో కాలువలకు నీరు కట్టివేసిన రోజుల్లో అడుగు బురదతో సహా తీయించాలని మా సాగునీటి సంఘం సమావేశంలో అడగబోతున్నాను. మీ వైపు కాలువలపై పూత ఏ నెలలో మొదలవుతోందో రాస్తే తేదీ నిర్ణయించుకోవడానికి వీలవుతుంది.